ఒక్క కనుబొమ ఎత్తాలంటే రెండోదాన్ని ఊరుకోబెట్టడం నేర్చుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెప్తాను. మీరు అంబాజీపేట దగ్గర ఉపాధ్యాయులు, వయసు 36, మూడేళ్లుగా పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తున్నారు. కోపమైనా అనుమానమైనా మీ ముఖమంతా ఒక్కసారిగా కదిలిపోతోందని, ఒక కనుబొమ ఎత్తి అనుమానం చూపించవలసిన చోట రెండూ లేచిపోయి అది ఆశ్చర్యంలా కనబడుతోందని మీ దర్శకులు అన్నారు. హార్మోనియం మీద ఉంగరపు వేలు ఒంటరిగా లేవడం లేదన్నది మీ రెండో ఇబ్బంది. ఇది పుట్టుకతో రావలసిన విద్యా, ఈ వయసులో అబ్బుతుందా, ముఖానికి కరెంటు పెట్టే చిన్న యంత్రం కొనుక్కుంటే త్వరగా వస్తుందా అని అడిగారు. చెవులు కదిలించడం గురించి కూడా, మీ తరగతిలో ఒక పిల్లవాడు చేసి చూపించాడు కాబట్టి, తెలుసుకోవాలని ఉందన్నారు.

నేను 24 ఏళ్లుగా నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో పక్షవాతం వచ్చినవారు, మూతి వంకరపోయినవారు ఎక్కువ. అంతకుముందు, చిన్నతనంలో ఆరేళ్లపాటు మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ దగ్గర అభినయం నేర్చుకున్నాను. బల్లిపాడు, ముమ్మిడివరం, మురమండ వంటి ఊళ్ల కళావంతుల కుటుంబాలు తరతరాలుగా నిలబెట్టిన, కూర్చుని పదం పట్టే సంప్రదాయం ఆవిడది. ఆ రెండు అనుభవాలూ కలిపి మీకు జవాబు చెప్తున్నాను.

పుట్టుకతో కొందరికి వస్తుంది, రానివారిలో చాలామందికి నేర్పితే వస్తుంది. 36 ఏళ్ల వయసు అడ్డు కాదు. నేను అరవై దాటినవారికి కూడా పెదవి ఒక మూలను విడిగా కదిలించడం నేర్పాను. అయితే చాలామంది ఎక్కడ పొరపడతారంటే, కదలని కండరానికి బలం లేదనుకుని దానికి వ్యాయామం చేయిస్తారు. మీ కుడి కనుబొమకు లేచే బలం ఇప్పుడే ఉంది, రెండూ కలిసి లేస్తున్నాయంటేనే ఆ సంగతి తెలుస్తోంది. మీకు లేనిది, అది లేస్తున్నంతసేపూ ఎడమదాన్ని కదలకుండా ఉంచగలిగే అదుపు. విడిగా కదిలించడం అంటే సగానికి పైగా పక్క కండరాలను ఊరుకోబెట్టడమే. దీన్ని పట్టుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది, దీన్ని వదిలేస్తే ఎన్ని నెలలు సాధన చేసినా ముఖమంతా ఇంకా గట్టిగా కలిసి కదలడమే అలవాటవుతుంది.

మెదడు పనిచేసే తీరు కూడా ఇదే. మనం ఒక వేలిని కదిలించాలనుకున్నప్పుడు మెదడు ఆ వేలికి ఆజ్ఞ పంపడంతో సరిపెట్టదు, పక్క వేళ్లకు వెళ్లే ఆజ్ఞలను అదే క్షణంలో అణచిపెడుతుంది. కొందరు వాద్యకారులకు ఏళ్ల సాధన తర్వాత ఒక వేలు మీటబోతే పక్క వేలు తనంతట తానే ముడుచుకుపోయే జబ్బు వస్తుంది. వారిలో దెబ్బతినే వాటిలో ఈ అణచిపెట్టే పని ముఖ్యమైనది. 1937లో పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, తన సహచరుడు బోల్డ్రీతో కలిసి, మెదడు పైపొరలో ఏ చోటు ఏ అవయవాన్ని కదిలిస్తుందో ప్రకటించినప్పుడు ముఖానికీ చేతికీ మిగతా శరీరమంతటికంటే చాలా ఎక్కువ చోటు ఉన్నట్టు తేలింది. అయితే ఆ చోట్లు సరిహద్దు రాళ్లు పాతిన చేలలాగా లేవు, ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాబట్టి విడిగా కదిలించగలగడం సాధనతో గీసుకోవలసిన గట్టు. పుట్టుకతో కొంత గీత ఉంటుంది, మిగిలింది మనం వేసుకోవాలి.

ముఖం విషయంలో ఇంకో రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. చేతి కండరాలు ఎముక నుంచి ఎముకకు పట్టి ఉంటాయి, ముఖ కండరాల్లో చాలావాటి కొస చర్మంలో కలిసిపోతుంది. కనుబొమలను ఎత్తే ఫ్రంటాలిస్ కండరానికైతే ఎముకతో పట్టే లేదు. అది పైన తలచర్మం కింది పొర నుంచి బయలుదేరి కింద కనుబొమల చర్మంలో కలుస్తుంది. అదీకాక, కండరం ఎంత సాగిందో ఎంత ముడుచుకుందో మెదడుకు తెలియజేసే సూక్ష్మ అవయవాలు చేతి కండరాల్లో దండిగా ఉంటాయి, ముఖ కండరాల్లో చాలా అరుదు. కళ్లు మూసుకుని మీ చేయి ఎక్కడుందో మీరు చెప్పగలరు, కానీ మీ ఎడమ కనుబొమ ఇప్పుడు ఒక గింజంత లేచి ఉందో లేదో అద్దం లేకుండా చెప్పలేరు. అద్దం లేని ముఖ సాధన చీకట్లో నాట్లు వేసినట్టే.

రెండో ప్రత్యేకత మీ ఇబ్బందికి నేరుగా సంబంధించింది. ముఖాన్ని కదిలించేది ఏడో కపాల నరం. అది చెవి వెనక ఎముకలోంచి బయటికి వచ్చి, చెవి ముందు అయిదు ముఖ్యమైన శాఖలుగా చీలి, నుదుటి నుంచి మెడ దాకా పాకుతుంది. ముఖం కింది భాగానికి ఆజ్ఞలు ప్రధానంగా మెదడులో ఎదురు వైపు సగం నుంచి వస్తాయి, నుదుటికి రెండు సగాల నుంచీ వస్తాయి. అందుకే పెదవి ఒక మూలను ఎత్తడం చాలామందికి సులువు, ఒక కనుబొమను ఎత్తడం కష్టం. ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. పక్షవాతంలో సాధారణంగా మూతి పక్కకు పోయినా నుదుటి ముడతలు రెండువైపులా పడతాయి. బెల్స్ పాల్సీ అనే ముఖ నరం వాపులో నుదురు కూడా ఆ వైపు నున్నగా ఉండిపోతుంది, కన్ను మూతపడదు. మీ ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయి నుదురు బాగానే ఉంటే, లేదా చేయి పడిపోయినా మాట తడబడినా, తెల్లారేదాకా ఆగకండి, ఆకు పసర్లకు వెళ్లకండి. పక్షవాతంలో మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. నుదురు కూడా పడిపోయిన పక్షంలో సైతం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. బెల్స్ పాల్సీకి స్టెరాయిడ్ మందు మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే మేలు ఎక్కువ.

ఇప్పుడు సాధన. పొద్దున కిటికీ పక్కన, వెలుగు ఒక పక్క నుంచి ముఖం మీద పడేలా కూర్చోండి. ఎదురుగా పడే ట్యూబులైటు వెలుగులో చిన్న కదలికలు కనబడవు, పక్కవెలుగులో నుదుటి మీద సన్నని ముడత కూడా నీడతో సహా తెలుస్తుంది. పళ్లు కరుచుకోకుండా దవడ వదిలేయండి, నాలుకను కింద పడుకోనివ్వండి, ఒకసారి నిదానంగా ఊపిరి విడవండి. ఏ ప్రయత్నమూ లేని మీ ముఖాన్ని ఒక నిమిషం చూడండి. దీన్ని చాలామంది వృథా అనుకుని దాటేస్తారు, నేను మాత్రం మొదటి వారమంతా దీన్నే చేయిస్తాను, ఎందుకంటే కండరం ఖాళీగా ఉండటం ఎలా ఉంటుందో తెలియనివారికి దాన్ని ఖాళీగా ఉంచడం సాధ్యం కాదు.

తర్వాత రెండు కనుబొమలనూ కలిపే ఎత్తండి, కానీ మీ శక్తిలో పదోవంతుతో. మెల్లగా చేసినప్పుడు ఒక వైపు ముందు కదలడం మీకు కనబడుతుంది. ప్రతి మనిషికీ ఒక వైపు మాట వినేదిగా ఉంటుంది. అది కుడి అయినా ఎడమ అయినా దానితోనే మొదలుపెట్టండి. వేషానికి రెండోదే కావలసి వచ్చినా సరే, మొదటిది వచ్చాక రెండోది సగం సమయంలో వస్తుంది.

మా గురువుగారు నాకు నేర్పిన పద్ధతి ఇది. ఆవిడ తన చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడింటినీ నా ఎడమ కనుబొమ మీద అడ్డంగా ఆనించేవారు. గట్టిగా నొక్కేవారు కాదు, చంటిపిల్ల నుదుటి మీద జ్వరం చూసినంత బరువు మాత్రమే. "ఇది నిద్రపోతోంది, లేపకుండా అటుదాన్ని పిలు" అనేవారు. ఆ స్పర్శే ఎడమ వైపు సంగతిని మెదడుకు అందించే వార్త అని ఫిజియోథెరపీ చదివిన తర్వాత గాని నాకు తెలియలేదు. కండరంలో లేని ఆ సమాచారాన్ని చర్మం అందిస్తుంది. కొన్ని రోజులకు వేళ్ల బరువు తగ్గించి ఆనీ ఆననట్టు ఉంచేవారు, ఆ తర్వాత చర్మానికి తగలకుండా గాలిలో ఉంచేవారు, చివరకు చేయి తీసేసేవారు. మీరు మీ చేత్తోనే ఇది చేసుకోవచ్చు. చేయి తీయడానికి తొందరపడకండి, ఒక్కో మెట్టు మీద నాలుగైదు రోజులు నిలవండి.

దీనితో రెండు వారాల్లో ఏమీ రాకపోతే ఇంకో దారి ఉంది. ఊరుకోవలసిన వైపు కన్నును సగం మూయండి. కన్ను మూసే గుండ్రటి కండరం కనుబొమను కాస్త కిందికి లాగుతుంది కాబట్టి ఆ వైపు లేవడానికి అడ్డు పడుతుంది. అప్పుడు రెండో కనుబొమను ఎత్తితే చాలామందికి మొదటిసారిగా అది ఒంటరిగా లేవడం అద్దంలో కనబడుతుంది. ఆ భంగిమలో నిలిచి, మూసిన కన్నును చాలా మెల్లగా, ఒక శ్వాసంత సేపు తీసుకుని తెరవండి. తెరుస్తున్నప్పుడు ఆ కనుబొమ లేవబోయే క్షణం ఒకటి వస్తుంది, అక్కడ ఆగి మళ్లీ మొదటికి రండి. సాయానికి వచ్చిన కండరాన్ని మర్యాదగా సాగనంపడమే ఇక్కడ పని. ఇంకొందరికి ముందు రెండు బొమలనూ ముడివేసి, ఒకదాన్ని ముడిలోనే ఉంచి రెండోదాన్ని వదిలేయడం సులువుగా ఉంటుంది. మూడు దారుల్లో ఏది పనిచేస్తే దానితో వెళ్లండి.

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు చాలు. ఒక విడతలో ఎనిమిది పదిసార్లకు మించి చేయకండి. పక్క కండరం కలవడం మొదలైన మరుక్షణం ఆపేయండి, ఎందుకంటే కలిసి కదిలిన ప్రతిసారీ ఆ కలయికే గట్టిపడుతుంది. వంద తప్పు కదలికలు చేసినవారి కంటే నాలుగు శుభ్రమైన కదలికలు చేసి లేచినవారు ముందు నేర్చుకోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను. నేను చూసినవారిలో కొందరికి రెండు మూడు వారాల్లో వచ్చింది, కొందరికి మూడు నెలలు పట్టింది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పదకొండేళ్ల కిందట నరసాపురం దగ్గర పల్లె నుంచి లేసు అల్లే ఒకామె నా దగ్గరకు వచ్చారు. వానాకాలంలో ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే నీళ్లు మూతి పక్కనుంచి కారిపోయాయి, కుడి కన్ను మూతపడలేదు. బెల్స్ పాల్సీ అన్నారు. ఈ జబ్బు వచ్చినవారిలో సుమారు 70 శాతం మందికి మందు లేకపోయినా పూర్తిగా తగ్గుతుంది, కానీ ఆమె నరం కొంచెం ఎక్కువ దెబ్బతిన్నది. ఒక చోట నెలన్నరపాటు ముఖమంతటికీ బలంగా కరెంటు పెట్టారు, బెలూన్లు ఊదమన్నారు, ముఖాన్ని వీలైనంత గట్టిగా వికారంగా పెట్టి రోజుకు 200 సార్లు చేయమన్నారు. ఎనిమిది నెలల తర్వాత ఆమె నవ్వితే కుడి కన్ను మూసుకుపోయేది, కన్ను ఆర్పితే పెదవి మూల అదిరేది. దెబ్బతిన్న నరం మళ్లీ పెరిగేటప్పుడు కొన్ని తంతువులు తమ పాత దారి తప్పి పక్క కండరంలోకి వెళ్లిపోతాయి. పెదవికి పంపిన ఆజ్ఞ కంటికి కూడా చేరుతుంది. ఈ కలగలుపు కదలికను బలమైన వ్యాయామం మరింత పాతుకుపోయేలా చేస్తుంది. వృత్తిలో చేరిన మొదటి అయిదారేళ్లు నేను కూడా అలాంటి వ్యాయామాలే రాసిచ్చాను. అప్పట్లో నా దగ్గరకు వచ్చినవారిలో ఎందరికి మేలుకు బదులు కీడు చేశానో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆమెతో మేము చేసింది మీకు చెప్పిన పద్ధతే. నవ్వులో నాలుగోవంతు మాత్రమే నవ్వమన్నాను, కన్ను తెరిచి ఉన్నంతవరకే, కన్ను కదలబోతే అక్కడే ఆగమన్నాను. ఆమెకు ఈ సంగతి నాకంటే ముందు అర్థమైంది. ఒకరోజు ఒళ్లో ఉన్న అల్లిక చూపించి, "సూది కొక్కేనికి ఒక్క దారమే దొరకాలమ్మా, పక్క దారం కూడా పట్టుకుందంటే గట్టిగా లాగకూడదు, వెనక్కి వదిలి మళ్లీ పట్టాలి" అన్నారు. ఎడమ చేతి వేళ్ల మధ్య దారాన్ని బిగువు సడలకుండా చూస్తూ, కుడి చేతిలో సూదిని తిప్పుతూ, ఆ ఉంగరపు వేలూ చిటికెన వేలూ దేనికదే కదలడం నేను చూస్తూ ఉండిపోయాను. చేతి వేళ్లలో ముప్పై ఏళ్లుగా ఉన్న విద్యనే ఆమె ముఖానికి నేర్పుకోవాలి. అద్దాన్ని అల్లిక పక్కన పెట్టుకుని ఏడాదిపాటు చేశారు. కన్ను పూర్తిగా విడిపోలేదు, అయినా మామూలు నవ్వుకు ఇప్పుడు మూతపడదు. ఇంకా బిగువు మిగిలే వారికి నిపుణులు తగిన చోట బొటులినమ్ ఇంజెక్షన్ ఇస్తారు. అది కూడా అదనపు కండరాన్ని ఊరుకోబెట్టడమే.

కరెంటు యంత్రం గురించి మీరు అడిగినదానికి ఇక్కడే సమాధానం ఉంది. కొనకండి. మీ కండరం బలహీనంగా లేదు, యంత్రం చేసేది కండరాన్ని ముడవడమే, పక్కదాన్ని వదిలేయడం అది నేర్పదు. దీన్ని 1901లోనే జె.హెచ్. బేర్ అనే అమెరికన్ పరిశోధకుడు చెవుల మీద పరీక్షించి చూశారు. చెవి కదిలించడం రానివారికి చెవి వెనక కండరం మీద కరెంటు పెట్టి చెవిని కదిలించారు. చెవి కదిలింది, కానీ అంతమాత్రాన తమంతట తాము కదిలించడం వారికి రాలేదు. ఆ కదలిక ఎలా ఉంటుందో మాత్రం తెలిసింది. ఆ తర్వాత వారు దవడ బిగించి, కనుబొమలు ఎత్తి, చుట్టుపక్కల ఉన్నవన్నీ కలిపి కదిలిస్తుంటే చెవి కూడా వాటితో కదిలింది, సాధన చేయగా చేయగా మిగిలినవి ఒక్కొక్కటే తప్పుకుని చెవి ఒంటరిగా మిగిలింది. ముందు గుంపుగా రానివ్వడం, తర్వాత గుంపును పంపించడం అనే క్రమం అక్కడ స్పష్టంగా కనబడింది.

మీ విద్యార్థికి ఆ కండరాలు పుట్టుకతో మాట వింటున్నాయి. చెవి చుట్టూ ముందు, పైన, వెనక మూడు కండరాలు మనందరికీ ఉన్నాయి, కొందరిలో అవి మరీ పల్చన. చెవి వెనక గట్టి ఎముక మీద వేలు ఆనించి, కనుబొమలు ఎత్తి పళ్లు కనబడేలా నవ్వండి. వేలి కింద చర్మం వెనక్కి జరిగితే అదే మీ ఆరంభం. కళ్లజోడు పెట్టుకుని చేస్తే అది కాస్త జారడం తెలుస్తుంది. నటనకు దీని ఉపయోగం లేదు కాబట్టి ఇంతకంటే చెప్పను.

సరైన సమాచారం చేతికందితే మనిషి ఎంతవరకు వెళ్లగలడో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 1963లో బస్మాజియన్ అనే కెనడా శాస్త్రవేత్త మనుషుల చేతి కండరంలో సన్నని తీగలు ఉంచి, అందులో పుట్టే విద్యుత్ సంకేతాలను తెరపై చూపిస్తూ, శబ్దంగా వినిపిస్తూ సాధన చేయించారు. ఒక నరకణం, దాని అధీనంలో ఉన్న కొద్ది పోగులు మాత్రమే పనిచేసేలా, మిగతా కండరమంతా మౌనంగా ఉండేలా వారు నేర్చుకున్నారు. కంటికి కనబడని కదలికనే విడదీయగలిగినప్పుడు కనుబొమ పెద్ద పని కాదు. ముఖ కదలికలన్నింటికీ సంఖ్యలు పెట్టి 1978లో పద్ధతిని ప్రచురించిన ఎక్మన్, ఫ్రీసన్ కూడా అద్దం ముందు కూర్చుని తమ ముఖ కండరాలను ఒక్కొక్కటిగా కదిలించడం నేర్చుకునే ఆ పని చేశారు. అందులో కనుబొమ లోపలి కొస లేవడానికి ఒక సంఖ్య, బయటి కొస లేవడానికి వేరొకటి. లోపలి కొసలు మాత్రమే లేస్తే దుఃఖం, బయటి కొస లేస్తే అనుమానం లేదా పొగరు. నటులుగా మీకు ఈ తేడా పనికొస్తుంది.

మన శాస్త్రం ఈ విషయాన్ని చాలా ముందే లెక్కకట్టింది. భరతుడు నాట్యశాస్త్రంలో కనుబొమల కదలికలు ఏడని చెప్పాడు: ఉత్క్షేపం, పాతనం, భ్రుకుటి, చతురం, కుంచితం, రేచితం, సహజం. ఉత్క్షేపం అంటే బొమలను ఎత్తడం. అది రెండూ కలిసి గాని, ఒక్కొక్కటిగా గాని చేయవచ్చునని కూడా అక్కడే ఉంది. ఒకే కనుబొమను సుకుమారంగా ఎత్తితే అది రేచితం. మీ దర్శకులు అడిగినది ఇదే. ముక్కుకు ఆరు, చెక్కిళ్లకు ఆరు, కింది పెదవికి ఆరు, చూపులు ముప్పై ఆరు అని ఆయన విడివిడిగా లెక్కపెట్టాడంటే, అవి విడివిడిగా కదలగలవని, కదలాలని ఆ కాలపు నటులకు తెలుసన్నమాట. ఏడో పేరు నాకు చాలా ఇష్టం. సహజం అంటే బొమలు ఏమీ చేయకుండా ఉండటం, దాన్ని కూడా ఆయన అభినయంలో ఒకటిగా లెక్కపెట్టాడు.

మీకు నేను ఒక సూచన చేస్తాను, ఇది ఫిజియోథెరపిస్టుగా కాదు, అభినయం నేర్చుకున్నదానిగా. పరిషత్తు వేదిక మీద వెనక వరుసలో కూర్చున్నవారికి ఒంటి కనుబొమ కనబడదు. అది కనబడాలంటే మిగిలిన ముఖం నిశ్చలంగా ఉండాలి, తల కొద్దిగా పక్కకు తిరగాలి, చూపు ముందు వెళ్లి బొమ ఒక క్షణం తర్వాత లేవాలి. కనుబొమ సాధించడానికి మీరు పట్టే ఓపికలో సగం, కళ్లు తిప్పినప్పుడు నుదురు కదలకుండా ఉంచడానికి కూడా పెట్టండి. మీ ముఖమంతా ఒక్కసారిగా కదులుతోందన్న మాటకు అసలు చికిత్స అదే.

వేళ్ల సంగతికి వస్తే, అక్కడ అడ్డు మెదడులోనే కాదు, చేతి నిర్మాణంలోనూ ఉంది. చూపుడు వేలికీ చిటికెన వేలికీ లేవడానికి సొంతంగా ఒక్కో అదనపు కండరం ఉంది, మధ్య వేలికీ ఉంగరపు వేలికీ మామూలుగా అది లేదు. పైగా అరచేతి వెనక వైపున వేళ్ల స్నాయువులను ఒకదానితో ఒకటి కట్టే అడ్డపట్టీలు ఉన్నాయి. అరచేయి బల్ల మీద పెట్టి, మధ్య వేలిని లోపలికి ముడిచి, ఉంగరపు వేలిని ఎత్తడానికి ప్రయత్నించండి, అది లేవదు. ఇది మీ లోపం కాదు. అందుకని ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని పైకి లాగడం, రబ్బరు పట్టీలు కట్టి ఎత్తించడం చేయకండి. కొందరికి చిటికెన వేలి స్నాయువు ఉంగరపు వేలిదానితో కలిసే ఉంటుంది కాబట్టి అవి రెండూ కలిసే ముడుచుకుంటాయి, దాన్ని సాధనతో మార్చలేము.

సాధనతో మారేది, వేలు ఎంత తక్కువ లేస్తే స్వరం చక్కగా పలుకుతుందో అంత మాత్రమే లేపడం. హార్మోనియం మెట్టు దిగడానికి వేలు అంగుళం ఎత్తు నుంచి పడనక్కర్లేదు. అయిదు వేళ్లూ అయిదు మెట్ల మీద ఆనించి, నాలుగింటినీ మెట్ల మీదే బరువు లేకుండా ఉంచి, ఉంగరపు వేలితో ఒక్క స్వరాన్ని చాలా మెల్లగా నొక్కి వదలండి. మిగతా వేళ్లలో ఏది మెట్టును విడిచి లేచినా అక్కడ ఆగండి. శబ్దం వినవద్దు, వేళ్లను చూడండి. ముంజేతిలో నొప్పి గాని, వేళ్లలో తిమ్మిరి గాని వస్తే ఆ వారం మానేయండి.

మిగతా శరీరం గురించి మీరు అడగలేదు గాని, కాళ్లతో మొదలుపెడితే ఈ విద్య త్వరగా వంటబడుతుందని నా అనుభవం, ఎందుకంటే అక్కడ పట్టింపూ సిగ్గూ ఉండవు. బురదగట్టు మీద చెప్పులు లేకుండా నడిచే మన రైతుల పాదాలను, కొబ్బరి దింపు తీసేవారి పాదాలను చూడండి. బొటనవేలు పక్కకు విచ్చుకుని నేలనో మాను బెరడునో విడిగా పట్టుకుంటుంది, మిగతా నాలుగు వేళ్లు దాని ప్రమేయం లేకుండా సర్దుకుంటాయి. చిన్నప్పటి నుంచీ బూట్లలో ఉన్న పాదం ఆ మాట మరిచిపోతుంది. కుర్చీలో కూర్చుని పాదం నేలకు ఆనించి, బొటనవేలిని మాత్రం ఎత్తండి, తర్వాత దాన్ని ఆనించి మిగతా నాలుగూ ఎత్తండి. రానప్పుడు చేత్తో ఆ వేళ్లను ఆనించి పట్టుకోవడం, తర్వాత చేయి తేలిక చేయడం, అంతా కనుబొమ పద్ధతే. పదిరోజుల్లో తేడా కనబడుతుంది, కనుబొమ దగ్గర నిరుత్సాహం కలిగినప్పుడు ఆ నమ్మకం మీకు పనికొస్తుంది. పొట్ట మధ్య కండరాలను నడుమ, కుడి, ఎడమ విడదీసే నౌళిని హఠయోగంలో చెప్తారు. అది గురువు ఎదుట, ఖాళీ కడుపుతో నేర్చుకోవలసినది, రక్తపోటు, హెర్నియా ఉన్నవారు చేయకూడదు. మెడను అడ్డంగా జరిపే సుందరీ గ్రీవ మీ వేషాలకు అవసరమైతే నాట్యం నేర్పేవారి దగ్గరే నేర్చుకోండి, కళ్లు తిరిగినా చేతిలోకి నొప్పి దిగినా వెంటనే మానేయండి.

ఒక చివరి జాగ్రత్త. కదలిక మొదటిసారి వచ్చేటప్పుడు మీరు ఊహించినట్టు బొమ ఠీవిగా లేవదు. బయటి కొస దగ్గర చర్మం బియ్యపు గింజంత మేర అదిరినట్టు అద్దంలో కనబడుతుంది, మీకు లోపల ఏమీ తెలియదు. ఆ సంతోషంలో అప్పటికప్పుడు యాభైసార్లు చేసి చూడాలనిపిస్తుంది, చేస్తే అలసిన కండరానికి పక్కది సాయం వచ్చేస్తుంది. ఇంకొక్కసారి మాత్రం చేసి, అదే చోట అదే అదురు కనబడిందని చూసుకుని, ఆ పూటకు అద్దం బోర్లించేయండి.